గుమ్మానికీ సూదికీ నడుమ

పక్షవాతానికి పక్షపాతం లేదు. కలెక్టరు బంగళా అయినా ఒకటే, కల్లుపాక అయినా ఒకటే. మెదడుకి వెళ్లే నెత్తుటి గొట్టంలో గడ్డొకటి అడ్డం పడిందంటే మూతి వంకర తిరుగుతుంది, చెయ్యి చచ్చుబడుతుంది, మాట ముద్దయిపోతుంది. పక్షపాతమంతా ఆ తర్వాత, ఆసుపత్రికి చేరాక మొదలవుతుంది.

ఈ సంగతి అందరికన్నా బాగా ఎరిగినవాడు గొర్లె అప్పలసూరి. అతను డాక్టరు కాడు. ఆ జిల్లా పెద్దాసుపత్రిలో ఇరవై రెండేళ్లుగా అటెండరు. అటెండరంటే అటు ఎండ, ఇటు ఎండ, మధ్యలో స్ట్రెచరు. తోసి తోసి అతని అరచేతుల్లో గీతలు అరిగిపోయాయి గానీ కళ్లు మాత్రం పదునెక్కాయి. ఆటో దిగుతున్న మనిషి మూతి చూసి, "ఇది కీళ్లవాతం కాదు డాక్టరమ్మా, స్ట్రోకే" అని చెప్పేయగలడు. నవ్వమంటే సగం మూతే నవ్వుతుంది, రెండు చేతులూ ఎత్తమంటే ఒకటే లేస్తుంది, పేరు చెప్పమంటే నోట్లో పిండి ముద్ద పెట్టుకున్నట్టు మాట్లాడతారు. ఈ మూడూ చూడ్డానికి చదువక్కర్లేదు, చూపు చాలు.

అతని భార్య బంగారమ్మకి ఆసుపత్రి ప్రహరీ పక్కనే టీ బండి. ఆవిడ నోరు ఆగితే ఆసుపత్రికి కరెంటు పోయినట్టే. ఒక చేత్తో టీ వడపోస్తూ రెండో చేత్తో డ్యూటీకి ఆలస్యమైన డాక్టర్లకి వేలు చూపించి మరీ తిట్టేది. రోగుల బంధువులు టీ కోసం కొంతా తిట్ల కోసం కొంతా వచ్చేవారు. ఇంటికెళ్లాక ఆ తిట్లన్నీ అప్పలసూరికి మళ్లీ మొదటి నుంచి వినిపించేది. ముప్పై ఏళ్లుగా అవి విననిదే అతనికి ముద్ద దిగదు.

ఇలా సాగిపోతున్న ఆసుపత్రికి ఒకనాడు రాజధాని నుంచి కాగితం దిగింది.

"విషయము: బ్రెయిన్ స్ట్రోకు రోగులు – ఆసుపత్రి గుమ్మము దాటినది మొదలు గడ్డ కరిగించు సూది వేయునంతవరకు గల కాలవ్యవధి – అరవై నిమిషములకు మించరాదు – ఉత్తర్వులు – జారీ చేయడమైనది."

మంచి ఉత్తర్వే. ఆ సూది ఎంత త్వరగా పడితే మనిషి అంత మిగులుతాడు. కానీ పెద్దాసుపత్రిలో గుమ్మానికీ సూదికీ నడుమ సగటున రెండు గంటల యాభై నిమిషాలు పట్టేది. ముందు చీటీ రాయించాలి. చీటీ రాసే ఆయన కలం వెతుక్కోవాలి. స్కానింగు ఆయన్ని క్యాంటీను నుంచి పిలుచుకు రావాలి. సూదిమందు స్టోర్లో, స్టోరు తాళం ఫార్మసిస్టు జేబులో, ఫార్మసిస్టు వాళ్లింట్లో. అన్నీ అయ్యాక ఫైలు మీద సూపరింటెండెంటు గారి సంతకం.

ఆ సూపరింటెండెంటు డాక్టర్ గజాననరావు. తలుపు మీది బోర్డులో ఆయన డిగ్రీలు పేరు కన్నా పొడుగు. సంతకం ఆ రెండూ కలిపిన దానికన్నా పొడుగు. రాష్ట్రం మొత్తం వీడియో కాన్ఫరెన్సులో చూస్తుండగా, తన ఆసుపత్రి అట్టడుగున ఉందని పైవాళ్లు చదివేసరికి ఆయన మొహం కందిపోయింది. వెంటనే మీటింగు పెట్టారు.

క్యాజువాలిటీ డాక్టరు ఫర్హత్ లేచింది. సన్నటి మనిషి, సూటి మాట.

"సర్, మెదడుకి నెత్తురు ఆగిపోతే నిమిషానికి పందొమ్మిది లక్షల కణాలు చచ్చిపోతాయి. క్షణాలు పోతే కణాలు పోతాయి. సూదిమందు క్యాజువాలిటీ బీరువాలోనే పెడదాం. స్ట్రెచరు నేరుగా స్కానింగుకి పోనిద్దాం. లోపల నెత్తురు కారడం లేదని స్కానులో తేలగానే సూది వేసేద్దాం. చీటీలూ సంతకాలూ తర్వాత చూసుకుందాం."

"అమ్మా ఫర్హత్," అన్నారు గజాననరావు చిరునవ్వుతో. "తమరు వైద్యం చదివారు. నేను ఉత్తర్వు చదివాను. సంతకం తర్వాత చేయడమంటే పెళ్లయ్యాక లగ్నం పెట్టించడం లాంటిది. అది జరగని పని. ఇందులో రోగి పడిపోయినప్పటి నుంచి అని ఉందా? ఆవరణలోకి వచ్చినప్పటి నుంచి అని ఉందా? గుమ్మము దాటినది మొదలు అని ఉంది. మరి దాటకపోతే?"

ఆయన అందరి మొహాలూ ఓసారి కలయజూశారు.

"దాటకపోతే కాలమే మొదలవదు!" అని బల్ల చరిచారాయన. "స్ట్రోకుకి మందు సూది కాదమ్మా, మాస్టర్ స్ట్రోకు!"

మర్నాటికల్లా గుమ్మం ముందు షామియానా లేచింది. దాని పేరు గుమ్మపూర్వ నిరీక్షణ ప్రాంగణం. గుమ్మానికి ఒక ఎలక్ట్రిక్ గడియారం, ఆకుపచ్చ బటనొకటి, ఎర్ర బటనొకటి బిగించారు. రోగి దాటగానే ఆకుపచ్చది నొక్కాలి, సూది పడగానే ఎర్రది. నొక్కే పని అప్పలసూరికి అప్పగించి, గుమ్మ కాల నియంత్రణ సహాయకుడు అని జేబు మీద బిళ్ల తగిలించారు. ఆ బిళ్ల చూసి బంగారమ్మ, "గుమ్మానికి గడియ పెట్టే పనికి ఇంత బిళ్లేటయ్యా?" అంది. "గడియ పెట్టడం కాదే, గడియలు లెక్కెట్టడం" అన్నాడు అప్పలసూరి, కాస్త గర్వంగానే.

పద్ధతి చాలా సులువు. కలం దొరికేదాకా, స్కానింగు ఆయన టిఫిను అయ్యేదాకా, తాళం ఇంటి నుంచి వచ్చేదాకా, సంతకం ఎండేదాకా రోగి షామియానాలో పడుకోవాలి. అన్నీ సిద్ధమయ్యాక విజిలు వేస్తారు. అప్పుడు స్ట్రెచరు గుమ్మం దాటి దూసుకుపోతుంది. మొదటి వారంలోనే సగటు ఇరవై రెండు నిమిషాలకి దిగింది. అయితే పడిపోయిన నాలుగున్నర గంటల తర్వాత ఆ సూది వేయకూడదు. షామియానాలోనే ఆ గడువు దాటిపోయినవాళ్లని వార్డుకి పంపించేవారు. సూది పడనివాళ్లు లెక్కలోకి రారు. లెక్కలోకి రానివాళ్ల వల్ల లెక్క చెడదు. అలా సగటు మనిషి చెడిపోయినా సగటు మాత్రం చెడలేదు.

ఆ వార్డు మంచాలు తోస్తున్నప్పుడు అప్పలసూరి గర్వం కొంచెం కొంచెంగా అరిగింది. నోరు పెగలక కళ్లతోనే నీళ్లడిగేవాళ్లని అతను ఎవరి వైపూ చూడకుండా తోసుకుపోయేవాడు.

ఇంతలో పక్క జిల్లావాళ్లు తమ గుమ్మాన్ని సూది వేసే గది పక్కకి మార్చి మూడు నిమిషాలు సాధించారని తెలిసింది. గజాననరావుకి ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడు వడ్రంగిని పిలిపించారు.

"ఈ ద్వారబంధం ఊడదియ్. గడపతో సహా."

"గుమ్మం లేకపోతే ఆసుపత్రికి అందం ఉండదు బాబూ," అన్నాడు వడ్రంగి.

"గుమ్మం ఉంటుందోయ్. తిరుగుతుంది!"

ద్వారబంధం కింద చెక్క పీట వేసి నాలుగు చక్రాలు బిగించారు. గడియారమూ బటన్లూ దానికే ఉన్నాయి. ఊడదీసిన చోట మిగిలినది గుమ్మం కాదనీ, గోడలోని ఖాళీ మాత్రమేననీ సర్క్యులరు వచ్చింది. ఆ ఖాళీలోంచి రోగి ఎప్పుడైనా రావచ్చు, స్కానింగు చేయించుకోవచ్చు, మంచమెక్కవచ్చు. సూది సిద్ధమయ్యాక గుమ్మాన్ని తోసుకొచ్చి మంచం మీదుగా దాటిస్తారు. ఆకుపచ్చ, సూది, ఎర్ర. యాభై సెకన్లు!

షామియానా తీసేస్తుంటే డాక్టర్ ఫర్హత్ కూడా, పిచ్చిలోంచైనా మేలు పుట్టిందని ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి వదిలేలోగా గజాననరావు ఇంకో అడుగు వేశారు. గుమ్మం దాటకుండా ఎవరైనా సూది పొడిచేస్తే రికార్డు పాడవుతుందని, సూదిమందంతా క్యాజువాలిటీలోనే ఒక ఇనప బీరువాలో పెట్టించి, దాని తాళాన్ని గుమ్మం బటనుకి కలిపించారు. ఆకుపచ్చ బటను నొక్కితేనే బీరువా తెరుచుకుంటుంది. బ్యాంకు లాకర్లు చేసేవాళ్లు చేసిన బీరువా అది.

గుమ్మం ఒక్కటే, రోగులు నలుగురు. స్కాను అయింది, డాక్టరు ఉంది, మందు కళ్ల ముందే బీరువాలో ఉంది. గుమ్మం మాత్రం రాలేదు. "గుమ్మం ఖాళీ లేదండి, ఆడవాళ్ల వార్డులో ఉంది" అని చెప్పి టోకెన్లు ఇచ్చేవారు. ఒకసారి ఒక లెక్కల మాస్టారు, టోకెను చేతికొచ్చేసరికి దాని మీది అంకె చదవడం మర్చిపోయారు.

అవార్డు వచ్చింది. వార్డులో మంచాలు చాలకపోయినా అవార్డుకి మాత్రం అద్దాల బీరువా కొన్నారు. దాన్ని ఇవ్వడానికి, తిరుగుడు గుమ్మాన్ని రాష్ట్రానికి అంకితం చెయ్యడానికి జాయింట్ డైరెక్టరు త్రిపురాంబ గారు వస్తున్నారన్నారు. గుమ్మానికి బంతిపూల దండలు చుట్టి, అడ్డంగా రిబ్బను కట్టి, పొద్దున్న తొమ్మిదికే పోర్టికోలో నిలబెట్టారు.

పది గంటల పది నిమిషాలకి బంగారమ్మ సిబ్బందికి టీలు పట్టుకొచ్చింది. అప్పలసూరి చేతికి గ్లాసు ఇవ్వబోయింది. గ్లాసు జారిపడింది.

"సూసుకోవే," అన్నాడతను.

ఆవిడ ఏదో అంది. అందులో మాట లేదు, తడి మాత్రం ఉంది. పెదవి ఒక పక్కకి జారిపోయింది. కుడిచెయ్యి ఎవరిదో అయినట్టు వేలాడుతోంది.

"ఒలే బంగారీ, నవ్వే. ఒక్కపాలి నవ్వు."

సగమే నవ్వింది.

అప్పలసూరికి అలవాటుగా గడియారం మీదికి చూపు పోయింది. ఆ తర్వాత ఆవిణ్ని రెండు చేతుల మీదా ఎత్తుకుని గోడలోని ఖాళీ గుండా పరిగెత్తాడు.

డాక్టర్ ఫర్హత్ ఒక్క నిమిషం వృథా చెయ్యలేదు. షుగరు చూసింది, బీపీ చూసింది, స్కానుకి తనే తోసింది. పదీ నలభైకి బయటికొచ్చి, "లోపల నెత్తురు కారలేదు సూరన్నా. గడ్డే అడ్డం పడింది. ఇప్పుడు సూది వేస్తే మాట వచ్చే అవకాశం చాలా ఉంది. గుమ్మం తీసుకురా" అంది. అంటూనే తనూ ఆగలేదు. సెలైను కడ్డీ ఊడబీకి బీరువా తాళం మీద మోదుతోంది. బీరువా బ్యాంకు వారిది, కడ్డీ ప్రభుత్వానిది. కడ్డీయే వంగింది.

పోర్టికోలో త్రిపురాంబ గారు అప్పుడే కారు దిగి, కుంకుమ పెట్టించుకుని, కత్తెర అందుకుని గుమ్మం పీట మీదికి ఎక్కారు. గజాననరావు మైకులో మాట్లాడుతున్నారు.

"బాబూ," అని చేతులు జోడించాడు అప్పలసూరి. "గుమ్మం కావాలి."

గజాననరావు మైకు మీద చెయ్యి పెట్టారు. "ఎవరికయ్యా?"

"మా ఇంటిదానికి బాబూ. మాట పడిపోనాది. స్కానింగు అయిపోనాది. డాక్టరమ్మ సూది ఏత్తానంటంది, బీరువా తెరుసుకోనంటంది."

"అయ్యో పాపం. సభ అవ్వగానే మొదటి టోకెను మీదే."

"ఎంతసేపవుద్ది బాబూ?"

"స్వాగతం, నివేదిక, మేడం గారి సందేశం, వందన సమర్పణ. అరగంట లోపే. ప్రభుత్వ గుమ్మాన్ని ప్రభుత్వ కార్యక్రమం మధ్యలోంచి లాక్కుపోవడానికి నిబంధన లేదు కదా?"

అరగంట. అప్పలసూరి ఎక్కువ చదువుకోలేదు గానీ పందొమ్మిది లక్షల లెక్క ఫర్హత్ నోట వందసార్లు విన్నాడు. ముప్పై నిమిషాలంటే అయిదు కోట్ల డెబ్బై లక్షలు. వాటిలో ఏ కణంలో తన పేరుందో, ఏ కణంలో చారు పోపుందో, ఏ కణంలో ఆ తిట్లన్నీ వరసలు తీరి ఉన్నాయో ఏ స్కానింగు చెప్తుంది?

అతను చక్రాల కింది ఇటుక తన్నేశాడు.

గుమ్మం కదిలింది. గుమ్మంతో పాటు దాని మీద కత్తెరతో నిలబడిన జాయింట్ డైరెక్టరు గారూ కదిలారు.

"ఆపండి! ఎవరది? నేనింకా రిబ్బను కత్తిరించలేదు!"

"అట్టుకోండమ్మా, మలుపులో ఊగుద్ది!" అని అరిచి, స్ట్రెచర్లు తోసిన ఇరవై రెండేళ్ల బలమంతా పెట్టి తోశాడు అప్పలసూరి. బంతిపూలు రాలుతుండగా గుమ్మం ఓపీ దాటింది, ఎక్స్‌రే దాటింది. ఓపీ బల్లల మీది జనం లేచి నిలబడి, ఏదో ఊరేగింపనుకుని దండం పెట్టారు. మైకు తీగ అందినంత దూరం గజాననరావు వెనకాలే పరిగెత్తుతూ, "అప్పలసూరీ! ఇది శాఖాపరమైన క్రమశిక్షణా చర్యలకు దారితీయు విషయము!" అన్నారు. తీగ తెగిపోయింది. మాట మాత్రం ఆగలేదు.

క్యాజువాలిటీలో మంచం కాళ్ల వైపు నుంచి తల వైపుకి గుమ్మాన్ని పోనిచ్చాడు. పీట మీది త్రిపురాంబ గారు పక్క మంచం మీదికి దిగారు, దిగారనే అనాలి. రోగి గుమ్మం దాటలేదు, గుమ్మమే రోగిని దాటింది. ఆకుపచ్చ బటను. బీరువా టక్కుమంది. ఫర్హత్ చెయ్యి అప్పటికే అందులో ఉంది. మందు కలిపింది, సిరంజిలోకి లాగింది, నరంలోకి ఎక్కించింది. ఎర్ర బటను.

ఒక నిమిషం నాలుగు సెకన్లు అని చూపించింది గడియారం. గ్లాసు జారినప్పటి నుంచి లెక్కేస్తే నలభై ఆరు నిమిషాలు. ఆ లెక్క రాసుకోవడానికి ఏ రిజిస్టరులోనూ గడి లేదు.

త్రిపురాంబ గారు జుట్టులోంచి ఒక బంతిపువ్వు తీసుకున్నారు. గజాననరావు కళ్లు మూసుకున్నారు. అప్పలసూరి బిళ్ల ఊడదీసి చేత్తో పట్టుకున్నాడు, ఎలాగూ అడుగుతారని.

"అద్భుతం," అన్నారావిడ రొప్పుతూనే. "రోగి గుమ్మం కోసం వేచి ఉండే దశ నుండి గుమ్మమే రోగి కోసం ఉరికే దశకు మన వ్యవస్థ చేరుకోవడం నేను స్వయంగా, అంటే, ప్రయాణించి చూశాను. మూల్యాంకనకు వచ్చిన అధికారిని కూడా సేవలో భాగస్వామిని చేయడం వినూత్నం. ఇది ఎవరి ఆలోచన?"

"నాదేనండి," అన్నారు గజాననరావు కళ్లు తెరిచి.

రెండు రోజుల్లో అప్పలసూరికి రెండు కాగితాలు అందాయి. అనుమతి లేకుండా ప్రభుత్వ గుమ్మమును, దానిపై గల ప్రభుత్వ అధికారిణిని తరలించినందుకు సంజాయిషీ కోరుతూ ఒక మెమో. రాష్ట్రస్థాయిలో ఉత్తమ గుమ్మ చాలకుడిగా ఒక ప్రశంసాపత్రం. రెండింటి కిందా ఒకటే సంతకం, రెండూ సమానమైన పొడుగు. ఇలాంటి ఇబ్బంది ఇకపై తలెత్తకుండా ప్రతి జిల్లా ఆసుపత్రికీ రెండేసి గుమ్మాలు మంజూరయ్యాయి. ఒకటి రోగులకి, ఒకటి సభలకి. సభల గుమ్మానికి టేకు.

అప్పలసూరి అవేవీ చదవలేదు. బంగారమ్మ మంచం పక్కన కూర్చుని ఆవిడ కుడిచేతి వేళ్లు నొక్కుతున్నాడు. మొదటి రోజు ఒక వేలు కదిలింది. రెండో రోజు చెయ్యి దుప్పటి దాకా లేచింది. మాట మాత్రం ముక్కలు ముక్కలుగా వస్తోంది. "నీ" అనేది, ఆగిపోయేది. "టీ" అనేది, ఆగిపోయేది. ఇంట్లో ఇన్నేళ్లుగా ఎడతెగని మోత విన్న అతన్ని ఆ ఆగడం చంపేస్తోంది.

"తిట్టవే," అని గుసగుసగా బతిమాలాడు. "నన్నేదో ఒకటి తిట్టు. అంతకంటే నానేటీ అడగను."

"వస్తుంది సూరన్నా. తొందరపెట్టకు," అంది ఫర్హత్.

మూడో రోజు పొద్దున్న త్రిపురాంబ గారు, గజాననరావు కెమెరాలు వెంటబెట్టుకుని వార్డులోకి వచ్చారు. విజయగాథ చిత్రీకరణట. కొత్త టేకు గుమ్మాన్ని మంచం వెనక అందంగా నిలబెట్టారు. ఎవరో బంగారమ్మ తల దువ్వారు. ఎవరో అప్పలసూరిని చట్రంలోంచి పక్కకి జరిపారు. గజాననరావు మైకు తెచ్చి ఆవిడ నోటి దగ్గర పెట్టి, ఆవిడ చెవిటిదో పసిపిల్లో అన్నట్టు గట్టిగా, సాగదీస్తూ అడిగారు.

"అమ్మా! నీకు ఏమైందో, మన గుమ్మం వల్ల నీకు ఏ మేలు జరిగిందో నీ మాటల్లో చెప్పు! భయపడకు! నిదానంగా చెప్పు!"

బంగారమ్మ ఆయన్ని చూసింది. ఆ వెనక టేకు గుమ్మాన్ని చూసింది. మళ్లీ ఆయన్ని చూసింది. పెదవులు కదిలాయి.

"మెదడుకి నెత్తురు అందక నాకు మాట పడిపోనాది బాబూ," అంది బంగారమ్మ, వార్డు ఆ చివరికి వినబడేలా. "మరి తమరికి బాగానే అందతందా?"

ఒక్క అక్షరం తడబడలేదు. కెమెరా ఆపమని ఎవరో అరుస్తున్నారు. అప్పలసూరి మొహం రెండు చేతుల్లో దాచుకుని భుజాలు కదిలేలా ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఎవరికీ అంతుపట్టలేదు. డాక్టర్ ఫర్హత్ తల వంచుకుని కేసు షీటు తెరిచి, తేదీ వేసి, చాలా శ్రద్ధగా రాసింది: "మాట – స్పష్టం. అవగాహన – పూర్తిగా ఉంది."